సుసన్నా మ్యాల్కి చేతుల వెంట: కొత్త ఒపేరా నాకు ఎలా అలవాటైంది

లండన్‌లో నాకు తెలిసిన తెలుగువాళ్లలో ఒపేరాకి వెళ్లేవాళ్లు తక్కువ, వెళ్లినా మొజార్ట్, వెర్డి, పుచ్చీని లాంటి పాతకాలంవాళ్ల దగ్గరే ఆగిపోతారు. మన కాలంవాళ్లు రాసిన ఒపేరా అంటే "అందులో పాటేముంటుంది" అని తీసిపారేస్తారు. నాకు అందులోకి దారి చూపించింది ఒక కండక్టర్, అంటే ఆర్కెస్ట్రా ముందు నిలబడి చేతులతో దాన్ని నడిపించే మనిషి. ఆవిడ పేరు సుసన్నా మ్యాల్కి, ఫిన్లాండ్ ఆవిడ. ఇలాంటి సంగీతం వినాలని ఉండీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

2016 డిసెంబరులో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరావాళ్లు ఫిన్లాండ్ స్వరకర్త కైయా సారియాహో రాసిన 'లామూర్ ద ల్వా' ఒపేరాని సినిమా హాళ్లకి లైవ్ ఇచ్చారు. ఆ సంస్థ ఒక స్త్రీ రాసిన ఒపేరా ఆడటం 1903 తర్వాత అదే మొదటిసారట, ఆ ఒక్క మాట చదివి టికెట్ కొన్నాను. కథ చిన్నది. పన్నెండో శతాబ్దపు ఫ్రెంచి కవి ఒకడు సముద్రం అవతల ట్రిపోలిలో ఉన్న, ఎన్నడూ చూడని స్త్రీని ప్రేమిస్తాడు, ఇద్దరి మధ్యా కబుర్లు మోసేది ఒక యాత్రికుడు. కోరస్‌ని పక్కన పెడితే ఉన్నవి ఆ మూడు పాత్రలే. నేను చిన్నప్పుడు రాజమండ్రిలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని, ఏ పాట విన్నా చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేసేస్తుంది. అక్కడ మాత్రం చేతికి పట్టు దొరకలేదు. ధ్వని పరుచుకుంటూ, రంగులు మారుతూ పోతుందే తప్ప ఎక్కడా దెబ్బ వినపడదు. ఇంతలో కెమెరా ఆర్కెస్ట్రా వైపు తిరిగింది, దాన్ని నడిపిస్తున్నది మ్యాల్కి. నాకు వినపడని లెక్కంతా ఆవిడ కుడిచేతిలో పొల్లుపోకుండా నడుస్తోంది! చిత్రం ఏంటంటే, ఆ లెక్క అంత గట్టిగా ఉంటేనే మనకి లెక్కే లేనట్టు వినపడుతుంది.

ఇంటికొచ్చి ఆవిడ గురించి చదవడం మొదలుపెట్టాను. 1969లో హెల్సింకీలో పుట్టారు, చెల్లో (వయొలిన్ జాతిలో పెద్ద వాద్యం) వాయించేవారు, 1995 నుంచి 1998 దాకా స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ సింఫనీ ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించేవాళ్లకి ముఖ్యురాలు. అలాంటి ఉద్యోగం దొరకడమే గగనం, దాన్ని వదిలేసి కండక్టింగ్‌లోకి వచ్చేశారు. 2006 నుంచి 2013 వరకు పారిస్‌లో ఆన్సాంబ్ల్ ఆంతెర్‌కోంతంపొరాన్‌కి సంగీత దర్శకురాలు. ఫ్రెంచి స్వరకర్త పియర్ బూలెజ్ 1976లో పెట్టిన బృందం అది, కొత్త సంగీతం కోసమే పుట్టింది, ఉండేది 31 మంది, అందరూ సోలో వాయించగలిగినవాళ్లే. 2011లో మిలాన్‌లోని లా స్కాలా ఒపేరా హౌస్‌లో ఇటలీ స్వరకర్త లూకా ఫ్రాంచెస్కోని రాసిన 'క్వార్టెట్' ఒపేరా తొలి ప్రదర్శన ఆవిడ చేతిమీదుగానే జరిగింది. నా ఉద్దేశంలో ఆవిడని తయారుచేసింది పారిస్‌లోని ఆ ఏళ్లే. సంగీతం రాసినవాళ్లు రిహార్సల్‌లో పక్కనే కూర్చుని ఉంటే, ఇక్కడ మీ మనసులో ఉన్నది ఇదేనా అని అడిగి తేల్చుకోవచ్చు. వెర్డిని ఎవరు అడుగుతారు?

చదివితే సరిపోదనిపించి, పెద్దవాళ్లకి సాయంత్రం పూట నేర్పే కండక్టింగ్ క్లాసులో చేరాను. ఎదురుగా ఆర్కెస్ట్రా ఏమీ ఉండదు, పియానో వాయించే ఒకావిడ, అంతే. మొదటి పాఠమంతా ఒక్క విషయం మీదే గడిచింది, దెబ్బకి ముందు చెయ్యి లేచే ఆ క్షణం మీద. మన తాళంలో చెయ్యి పాటతోపాటు పడుతుంది. ఇక్కడ ధ్వని ఇంకా పుట్టకముందే చెయ్యి కదలాలి, వేగం ఎంత, ఎంత మెత్తగా, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి అన్నీ ఆ కదలికలోనే తెలిసిపోవాలి. ఏడు లెక్కలు వచ్చినప్పుడు హాయిగా అనిపించింది, మిశ్రచాపు ఒంట్లో ఉంది కదా. కానీ మిశ్రచాపు కృతి చివరిదాకా 3-2-2 గానే నడుస్తుంది, ఈ స్కోరులో, అంటే సంగీతం రాసి ఉన్న కాగితంలో, తర్వాతి గడి (మన ఆవర్తనం లాంటిది) 2-2-3, దాని తర్వాత అయిదు, ఆ తర్వాత మూడు. చెయ్యి ఒక గడిలో ఉండగానే బుర్ర రాబోయే గడిలో ఉండాలి. క్లాసు అయ్యేసరికి భుజాలు పడిపోయేవి. ప్రచురణకర్తలు కొన్ని కొత్త స్కోర్లని చదువుకోవడానికి నెట్‌లో పెడతారు, రాత్రిళ్లు వాటిని ముందేసుకుని, రికార్డింగ్ పెట్టుకుని, ఒక్కో పేజీ చేత్తో వేసుకుంటూ విన్నాను. 'లామూర్ ద ల్వా' అప్పుడు నిజంగా నాదైంది.

2023 ఏప్రిల్‌లో లండన్‌లోని రాయల్ ఒపేరా హౌస్‌కి సారియాహో ఒపేరా 'ఇన్నోసెన్స్' వచ్చింది, కండక్టర్ మ్యాల్కీనే. 2021లో ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో దాని తొలి ప్రదర్శన కూడా ఆవిడే చేశారు. నేను కావాలనే స్లిప్స్‌లో తీసుకున్నాను, అంటే పైన పక్కగా ఉండే బెంచీ సీట్లు. చవక, స్టేజీలో కొంత భాగం కనపడదు, కానీ కండక్టర్ చక్కగా కనపడతారు. కథ హెల్సింకీలో ఒక పెళ్లి విందు. పదేళ్ల కిందట ఇంటర్నేషనల్ స్కూల్లో కాల్పులు జరిపిన కుర్రాడికి పెళ్లికొడుకు సొంత అన్నదమ్ముడు, వడ్డించడానికి వచ్చిన ఆవిడ ఆ కాల్పుల్లో కూతుర్ని పోగొట్టుకున్న తల్లి. మొత్తం తొమ్మిది భాషలు. కొందరు పాడతారు, కొందరు మాట్లాడతారు, చనిపోయిన ఆ కూతురు ఫిన్నిష్ జానపద గొంతుతో పాడుతుంది, అది వినగానే ఒళ్లు జలదరించింది. దాదాపు గంటా నలభై అయిదు నిమిషాలు, ఇంటర్వెల్ లేదు. నేను చాలాసేపు ఆ చేతుల్నే చూశాను. మాట్లాడే పిల్లల మాట పడాల్సిన చోట పడేలా ఎడమచెయ్యి ముందే లేచేది, కుడిచెయ్యి మాత్రం ఆర్కెస్ట్రాని వదిలేది కాదు. ఎక్కడా ఆర్భాటం లేదు.

ఆ జూన్ 2న సారియాహో పోయారు. ఇన్నేళ్లు ఆవిడతో కలిసి పనిచేసి, కాగితం మీద లేనివి కూడా తెలుసుకున్న మనిషి మ్యాల్కి. 'ఇన్నోసెన్స్' ఇకముందు ఇంకా చాలామంది కండక్టర్ల చేతుల్లోకి వెళుతుంది, వెళ్లాలి కూడా. మొదలుపెట్టేవాళ్లకి నేనైతే 'లామూర్ ద ల్వా' ముందు చెబుతాను, కెంట్ నగానో కండక్టర్‌గా చేసిన రికార్డింగ్ ఉంది. హాలుకి వెళ్లే వీలుంటే మాత్రం కండక్టర్ చేతులు కనపడేలా పక్కగా ఉండే సీటే తీసుకోండి.