కోరింగకి పోటు చూసుకుని వెళ్ళండి

కాకినాడ నుంచి కోరింగ మడ అడవికి బయల్దేరేముందు పోటుపాట్ల (సముద్రపు నీరు ఎక్కేది పోటు, తీసేది పాటు) వేళలు కనుక్కోండి. రోజుకి రెండు పోట్లు. మర్నాడు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. పాటు మీద కాలవలోకి దిగితే బోటు అడుగు బురదకి ఆనుతుంది, ఫ్యాను ఊరికే బురద చిమ్ముతుంది, మళ్ళీ పోటెక్కేదాకా అక్కడే. పక్షులే కావాలంటే మాత్రం పాటే మేలు: తేలిన బురదలో ఉల్లంకులు పొడుచుకు తింటుంటాయి, చెక్కబాట మీంచే చూడొచ్చు.

ఇక్కడి నీటిపిల్లి (చేపలు పట్టి తినే అడవిపిల్లి, ఫిషింగ్ క్యాట్) రాత్రి తిరిగేది. పగలు కనపడలేదని బోటబ్బాయిని విసుక్కుంటే ఏం లాభం!

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్లకి సముద్రంలో వేట నిషేధం. వేట లేక జాలర్లకి రాబడి తగ్గే ఆ రోజుల్లో వెళ్తే క్యారేజీ కట్టుకెళ్ళకండి. జాలర్ల ఊళ్ళోనే భోజనం ముందురోజే చెప్పుకోండి, డబ్బు నేరుగా వండినవాళ్ళ చేతికే ఇవ్వండి.