సోమశిల రేవులో కయాక్: మరబోట్ల మధ్య తీరిగ్గా ఒక రోజు

కయాక్ అనే సన్నటి చిన్న తెడ్డు పడవ వేసుకుని కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు పోయే ముందు నేను చూసేది వాతావరణం కాదు, శ్రీశైలం జలాశయం నీటిమట్టం. ఈ రేవు దాని వెనక నీళ్ల మీదే ఉంది. పూర్తి మట్టం 885 అడుగులు. దానికి దగ్గరగా ఉంటే రేవు మెట్ల పక్కనే కయాక్ నీళ్లలో పడుతుంది. మట్టం బాగా దిగితే నీళ్లు దూరం జరిగి మధ్యలో మోకాలిలోతు ఒండ్రు మిగులుతుంది, అందులో పడవ ఈడ్చుకుపోవడం ఒళ్లు హూనమయ్యే పని. ఎగువన జూరాల ఆనకట్ట నుంచి వరద వదిలిన రోజుల్లో అసలు దిగొద్దు. నవంబరు నుంచి జనవరి దాకా హాయి. బయల్దేరే ముందు రేవులో బోటింగ్ వాళ్లకు ఎటు పోతున్నామో, ఎప్పటికి వస్తామో చెప్పి పోవాలి.

కొత్తవాళ్లకు పడవ లోపల కాకుండా పైన కూర్చునే రకం, 10 నుంచి 12 అడుగులది మేలు. బోల్తా పడినా నీళ్లు నింపుకోదు. కాకపోతే వెనక నీళ్లు కార్చే రంధ్రానికి బిరడా బిగించారో లేదో చూడాలి, వదులైతే పడవ బోలు పొట్టలోకి నీళ్లు చేరి గంటలో పడవ మొద్దుబారుతుంది. తెడ్డు 230 సెంటీమీటర్లు సరిపోతుంది. లైఫ్ జాకెట్ తొడుక్కోవాలి, కాళ్ల దగ్గర పెట్టుకుంటే లాభం లేదు. బోల్తాపడి మళ్లీ ఎక్కడం నడుములోతు నీళ్లలో ముందే సాధన చేయాలి: అడ్డంగా చేయి చాచి అవతలి అంచు పట్టుకుని, కాళ్లతో నీళ్లు తన్ని, మన పొట్ట ఆనించి పడవ మీదికి బోర్లా ఎక్కి, ఆ తర్వాతే తిరిగి కూర్చోవాలి.

అసలు విషయం మరబోట్లు. అవతలి ఒడ్డుకు జనాన్నీ మోటారు సైకిళ్లనూ ఎక్కించుకుపోయే బోటులో నడిపేవాడు వెనక ఉంటాడు. ముందు నిలబడ్డ జనం అడ్డమొచ్చి, నీటికి ఆనుకుని పోయే కయాక్ అతనికి కనబడదు. అందుకే ఆ దారి వెంబడి పోకుండా అడ్డంగా, దగ్గరి దూరంలో దాటేయాలి, అదీ బోటు పోయాక దాని వెనక నుంచే. ముందు నుంచి దాటొచ్చులే అన్న లెక్క చాలాసార్లు తప్పుతుంది. అల వస్తుంటే ముక్కు దానికేసి తిప్పి తెడ్డు ఆపకుండా వేయాలి. భయపడి తెడ్డు గాల్లో పట్టుకుని కూర్చున్నవాడే బోల్తా పడతాడు. మెట్లకు కొట్టుకున్న అల తిరిగొచ్చి కొత్త అలతో కలిసి నీళ్లు రెండు వైపుల నుంచీ కుదిపేస్తాయి కాబట్టి గట్టుకు కనీసం 30 మీటర్ల ఎడం ఉండాలి.

తర్వాతి గండం వలలు. నీళ్లమీద థర్మకోల్ ముక్కలో, ఖాళీ సీసాలో వరసగా తేలుతుంటే కింద వల ఉన్నట్టే. కొస చుట్టి పోవడం మంచిది. తప్పకపోతే రెండు తేలుడు ముక్కల నడిమధ్య తెడ్డు ఎత్తి జారిపోవాలి. పుట్టిలో ఉన్నవాళ్లను “అన్నా, వల ఎటుంది?” అని అడిగితే తెడ్డుతోనే చూపిస్తారు.

అవతలి వైపు సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా కాలం నీళ్లలోనే ఉంటుంది. మట్టం తగ్గుతుంటే మొదట శిఖరం బయటపడుతుంది. అంతకు కొద్దిరోజుల ముందు ఆ రాయి నీటికి కొంచెం కిందనే ఉండి కంటికి కనబడదు, ఆ చుట్టుపక్కలకు పోకపోవడమే మేలు. నదిలో మొసళ్లున్నాయి: ఈత సరదాలు వద్దు, కాళ్లు నీళ్లలో వేలాడేయొద్దు. దిగువన అడవి మొదలయ్యాక అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా ఒడ్డెక్కకూడదు.

పొద్దున నీళ్లు నిలకడగా ఉంటాయి, ఎండ ఎక్కేకొద్దీ గాలి లేస్తుంది. మొదట గాలికి ఎదురు పోతే, అలసిపోయాక గాలే వెనక్కి తోస్తుంది. తీరిగ్గా తెడ్డేస్తే గంటకు 4 కిలోమీటర్లు పోవచ్చు, ఎదురుగాలిలో సగం. జొన్నరొట్టె సద్దీ, మనిషికి 3 లీటర్ల నీళ్లూ పెట్టుకోవాలి.

ఒడ్డుకొచ్చాక బిరడా తీసి పడవను ఏటవాలుగా పెట్టి నీళ్లు కార్చాలి. కారు పైకి కట్టేటప్పుడు తాడు మరీ బిగించొద్దు, ఎండకు ప్లాస్టిక్ మెత్తబడి అడుగు సొట్టబోతుంది.