కుట్లు నిలవాలంటే

ఎడమ చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తే అంకె రాలేదు. మిషన్ పాడైందనుకుని నర్సు ఇంకోటి తెచ్చింది. అదీ అంతే. చివరికి డాక్టరే మణికట్టు పట్టుకుని చూశారు, నాడి అందలేదు. అప్పటికి చాలాకాలంగా బట్టలు ఆరేస్తుంటే ఆ చెయ్యి గుంజేది, సాయంత్రమైతే సన్నగా జ్వరం. రక్తం తక్కువని మా మల్కాజిగిరిలో టానిక్కులు రాశారు, తాగాను.

రక్తనాళాలు చూపించే సీటీ యాంజియో స్కాన్‌లో తేలింది, తకయాసు జబ్బని. 1908లో దీని గురించి చెప్పిన జపాన్ కంటి డాక్టరు పేరట. మన రోగనిరోధక శక్తే బృహద్ధమని, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం, దాని గోడ మీద పడి వాపు తెస్తుంది, ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లకు. నాకు ఎడమ చేతికెళ్లే రక్తనాళం మూసుకుపోయింది. గుండె దగ్గర బృహద్ధమని ఉబ్బి వాల్వ్ లీకవుతోంది.

ఆపరేషన్ అనగానే ఇంట్లో డబ్బుల లెక్కలు మొదలయ్యాయి. సర్జన్ మాత్రం ఇప్పుడే వద్దన్నారు. వాపు ఉన్న గోడకు కుట్లు వేస్తే తెగుతాయి, అతుకు దగ్గర మళ్లీ ఉబ్బుతుంది, ముందు ఇలాంటి జబ్బులకు మందులిచ్చే రుమటాలజీ వాళ్లు వాపు తగ్గించాలి అని. "ప్రాణం మీదికొస్తే గోలీలు మింగుకుంట కూసోమంటడేంది?" అంది అత్తమ్మ. "చెమ్మ పట్టిన గోడకు మేకు కొడితే ఆగుతదా అమ్మా?" అన్నారు మా ఆయన. ఇంక మాట్లాడలేదు.

ఆపరేషన్ కంటే ఆ ఎదురుచూపే కష్టం. స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బింది, షుగరు పెరిగింది, నిద్ర లేదు. ఆయాసం వస్తే టెన్షన్. వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ దిగినా లోపల వాపు ఉండొచ్చని పెట్ స్కాన్ కూడా చూశాకే తేదీ ఇచ్చారు.

చేసింది బెంటాల్ ఆపరేషన్. ఉబ్బిన భాగాన్నీ వాల్వ్‌నూ తీసేసి, మెటల్ వాల్వ్ ఉన్న డాక్రాన్ బట్ట గొట్టం కుట్టి, గుండెకు రక్తమిచ్చే నాళాలను దానికి అతికారు. ఐసీయూ సంగతి పెద్దగా గుర్తులేదు, దగ్గితే ఛాతీ చీలిపోతున్నట్టుండడం తప్ప.

ఇప్పుడు జీవితాంతం వార్ఫరిన్, వాల్వ్ దగ్గర రక్తం గడ్డకట్టకుండా. గోంగూర మానేయమనలేదు, ఆకుకూరలు ఏ వారమైనా ఒకే మోతాదులో తినమన్నారు, లేకపోతే ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చెప్పే అంకె, తప్పుతుంది. స్టెరాయిడ్ తగ్గింది, రోగనిరోధక శక్తిని అణిచే మెథోట్రెక్సేట్ వారానికోసారి ఉంది. జబ్బు మళ్లీ రేగొచ్చు కాబట్టి అతుకులను స్కాన్‌లో చూస్తూనే ఉంటారు. బీపీ ఎక్కడ చూపించుకున్నా ముందే కుడి చెయ్యి చాపుతాను. ఎడమ చేతి అంకె నమ్మితే అసలు బీపీ ఎంతో తెలియదు.