తల వంచుకుని వెళ్ళు, తల వంచుకుని రా

స్కూలు నుంచి మెయిల్ వచ్చేసరికి నేను మీటింగ్‌లో ఉన్నాను. మీ అబ్బాయి ఈ రోజు లంచ్ టైంలో చెప్పిన చోటికి మారడానికి ఒప్పుకోలేదు, ఇంట్లో ఒకసారి మాట్లాడండి అని ఉంది. ఏ చోటు, ఎందుకు మారాలి, ఒక్క ముక్క లేదు.

సాయంత్రం వాడు చెప్పాడు. ఈ ఏడాదే కొత్తగా చేరిన పిల్లాడొకడు ఉన్నాడట, ఇంగ్లీషు ఇంకా సరిగా రాదు. నలుగురు కలిసి వాడి ట్రే పక్కకి లాగేసి, ఇక్కణ్ణించి పో అన్నారు. మావాడు వెళ్ళి ఆ పిల్లాడి పక్కన కూర్చున్నాడు. అరుపులు మొదలయ్యేసరికి అక్కడ డ్యూటీలో ఉన్నావిడ వచ్చి, గొడవెందుకు, మీరిద్దరూ లేచి వేరే టేబుల్‌కి వెళ్ళండి అంది. కొత్త పిల్లాడు లేచాడు. మావాడు లేవలేదు.

నా నోట్లోంచి మొదట వచ్చిన మాట ఇది: "నీకెందుకురా? నీ పని నువ్వు చూసుకోవచ్చుగా."

వాడికి పదమూడేళ్ళు. నా వంక వింతగా చూసి, "నేనెవర్నీ కొట్టలేదమ్మా, తిట్టలేదు కూడా. ఊరికే కూర్చున్నాను, అంతే" అన్నాడు.

కిండర్‌గార్టెన్ నుంచి వాడికి నేను నేర్పిన పాఠం ఒక్కటే, కొట్టకూడదు అని. దానికి అహింస అని పెద్ద పేరు కూడా పెట్టాను. తీరా వాడు చెయ్యెత్తకుండా, నోరు జారకుండా ఒక అన్యాయం ముందు కదలకుండా కూర్చుంటే, మందలించడానికి తయారయ్యాను.

ఆ మందలింపు నా సొంతమూ కాదు. తల వంచుకుని వెళ్ళు, తల వంచుకుని రా అని నన్ను కాలేజీకి పంపినప్పుడు మా అమ్మ అన్నదే. దాన్ని విమానంలో అమెరికా దాకా మోసుకొచ్చాను. ఇక్కడ హెచ్-1 మీద ఉన్నన్నాళ్ళూ, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నన్నాళ్ళూ అది బాగా పనికొచ్చింది. ఆఫీసులో నా పేరును సగానికి కోసి పిలిచినా నవ్వాను. నా ఐడియా పక్కవాడు తనదిగా చెప్పుకున్నా నవ్వాను. అదంతా శాంతస్వభావం అనుకున్నాను. నిజానికి అది భయం. వీసా మీద బతికేవాళ్ళ భయాన్ని నేను తప్పు పట్టను, అది ఊహించుకున్నది కాదు. కానీ ఇక్కడే పుట్టిన పిల్లాడికి దాన్ని వారసత్వంగా ఇస్తూ, పైన అహింస అని లేబుల్ అంటించడం మాత్రం తప్పే.

వాడికి అప్పుడే సోషల్ స్టడీస్‌లో సివిల్ రైట్స్, అంటే అమెరికాలో నల్లజాతివాళ్ళ సమాన హక్కుల ఉద్యమం, పాఠాలు నడుస్తున్నాయి. "జేమ్స్ లాసన్ తెలుసా నీకు? ఇండియా వెళ్ళాడు" అన్నాడు. నాకు తెలీదు. మార్టిన్ లూథర్ కింగ్ తెలుసు, బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనన్న రోసా పార్క్స్ తెలుసు, ఆ తర్వాత మాంట్‌గోమరీలో నల్లజాతివాళ్ళు 381 రోజులు బస్సెక్కకుండా ఉన్నారని తెలుసు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని చదివాం.

లాసన్ మెథడిస్ట్ పాస్టర్. కొరియా యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరనని జైలుకెళ్ళాడు. బయటికొచ్చాక 1953లో నాగపూర్ వెళ్ళి, అక్కడి హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ మూడేళ్ళు గాంధీ పద్ధతులు చదువుకున్నాడు. తిరిగొచ్చి టెనెసీలోని నాష్‌విల్‌లో కాలేజీ పిల్లలకి వర్క్‌షాపులు పెట్టాడు. అవి ఉపన్యాసాలు కావు, రిహార్సల్స్. కొందరు కుర్చీల్లో కూర్చోవాలి. మిగతావాళ్ళు వాళ్ళని తిట్టాలి, తొయ్యాలి, మొహం మీద సిగరెట్ పొగ వదలాలి, కుర్చీ లాగెయ్యాలి. కూర్చున్నవాళ్ళు తిరగబడకూడదు, పారిపోకూడదు. నెలల తరబడి ఇదే సాధన. 1960 ఫిబ్రవరిలో ఆ పిల్లలు తెల్లవాళ్ళకి మాత్రమే అని రాసిపెట్టుకున్న లంచ్ కౌంటర్ల దగ్గరికెళ్ళి కూర్చున్నారు. దెబ్బలు తిన్నారు, అరెస్టయ్యారు. ఏప్రిల్‌లో ఊరి మేయర్ని సిటీహాల్ మెట్ల మీద నిలబెట్టి, డయాన్ నాష్ అనే 21 ఏళ్ళ అమ్మాయి సూటిగా అడిగింది: ఒక మనిషిని రంగును బట్టి వేరుగా చూడటం తప్పని మీరు అనుకుంటున్నారా లేదా? తప్పేనని ఆయన అందరి ముందూ ఒప్పుకోవాల్సి వచ్చింది. మే 10న అక్కడి కౌంటర్లు తెరుచుకున్నాయి.

అంటే అహింసకి సాధన కావాలి, సంగీతంలా, ఈతలా. నాకిది నిజంగా కొత్త. అది కొందరికి పుట్టుకతో వచ్చే సాత్విక గుణమనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

మన దగ్గర మాత్రం ఇలాంటివి లేవా అని వాడడిగితే చీరాల చెప్పాను. 1921లో మునిసిపాలిటీ వద్దు, ఆ పన్నులు మేం కట్టలేం అని జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరొదిలి బయట పాకలేసుకుని నెలల తరబడి ఉన్నారని. "ఊరు మొత్తమా?" అన్నాడు నోరు తెరిచి. దాదాపుగా అన్నాను. ఇది వాడికి లంచ్ కౌంటర్ కథకంటే ఎక్కువ నచ్చింది. ఎండాకాలంలో పాకల్లో ఏసీ లేకుండా ఎలా ఉన్నారన్నది తొమ్మిదేళ్ళ మా అమ్మాయి సందేహం.

ఆ శనివారం వాడే ప్రాక్టీస్ చేద్దామన్నాడు. డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మా అమ్మాయి ఫోన్‌లో టైమర్ పట్టుకుంది. తిట్టడం నా పని. మొదట ఇంగ్లీషులో ఏవో అన్నాను, నాటకంలా ఉన్నాయి, ఇద్దరూ పడీపడీ నవ్వారు. "నిజంగా అనమ్మా" అన్నాడు. భుజం మీద తోశాను. అప్పుడు తెలుగులో వచ్చింది.

"ఏయ్, అక్కడే ఉండు. ముట్టుకోకు. నీ గ్లాసు అక్కడుంది."

నవ్వులు ఆగిపోయాయి. ఎక్కణ్ణించి ఊడిపడిందో నాకే ఒక క్షణం అర్థం కాలేదు. మా అమ్మాయి టైమర్ ఆపి, "వాట్ గ్లాస్?" అంది.

మా ఊళ్ళో ఇంటి పెరటి గోడకి ఒక గూడుండేది. అందులో ఒక సత్తు గ్లాసు, అంచు దగ్గర సొట్టపడింది, ఎప్పుడూ బోర్లించే ఉండేది. మా పొలంలో పని చేసే ఆయన నీళ్ళడిగితే ఆ గ్లాసు ఆయనే తీసుకోవాలి. మా నానమ్మ చెంబుతో పైనుంచి పోసేది, చెంబు గ్లాసుకి తగలకుండా. తాగాక ఆయనే కడిగి, ఆయనే బోర్లించి వెళ్ళేవాడు. నాకు ఆరేళ్ళప్పుడు ఒకసారి ఆ గ్లాసుతో కుండీలో నీళ్ళు ముంచుకు తాగాను. నన్ను కొట్టలేదు కానీ తలస్నానం చేయించారు. ఆ గ్లాసు ఎవరిదో, దాన్ని ఎవరు ముట్టుకోవచ్చో ఆ రోజుతో నాకు తెలిసిపోయింది. నేను నేర్చుకున్న మొదటి సోషల్ స్టడీస్ పాఠం అదే.

ఇదంతా పిల్లలకి చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఎన్నో తెలుగిళ్ళలో మాలాగే ఇవి చెప్పరు. మన సంస్కృతి గొప్పదని వారాంతపు తరగతుల్లో నేర్పిస్తాం, ఇక్కడివాళ్ళు నల్లవాళ్ళకి చేసింది ఘోరమని స్కూల్లో నేర్చుకుంటారు. ఆ రెండింటి మధ్య మన గ్లాసు ఊసు ఎక్కడా రాదు.

కింగ్ 1959లో నెల రోజులు ఇండియాలో తిరిగాడు. కేరళలో, త్రివేండ్రంలో ఒక బడికి వెళ్ళాడు. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది అంటరానివారిగా చూడబడ్డ కుటుంబాలవాళ్ళు. ప్రిన్సిపాల్ ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన మరో అంటరానివాడిగా పిల్లలకి పరిచయం చేశాడు. కింగ్‌కి ముందు చురుక్కుమంది. ఆ తర్వాత తన దేశంలో తనవాళ్ళ బతుకు తల్చుకుని, అవును, నేనూ అంటరానివాణ్ణే అనుకున్నాడు. 1965 జులై 4న అట్లాంటాలో ఒక ప్రసంగంలో ఆయనే ఇది చెప్పాడు. ఈ కథ మా పిల్లలకి నేనే చెప్పాను, మా గ్లాసు సంగతి అయ్యాక. అది దాటేసి ఇది ఒక్కటీ చెప్పి ఉంటే, మనం కింగ్ పక్షమే అన్న తృప్తి ఒకటి మిగిలేది.

భగత్ సింగ్ థింద్ కేసు కూడా అందుకే చెప్పాను. ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ. ఆ రోజుల్లో పౌరసత్వం కావాలంటే తెల్లవాడో, ఆఫ్రికా మూలాలవాడో అయ్యుండాలి. ఈ చట్టమే అన్యాయం అని ఆయన వాదించలేదు. నేను ఉన్నత కులపు ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాణ్ణే అని వాదించాడు. 1923లో సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. ఆయన్ని వెక్కిరించాలని చెప్పట్లేదు. గోడ కనబడగానే దాన్ని కూల్చే ఆలోచన కాక, నన్నొక్కణ్ణి అటువైపు రానిస్తే చాలన్న ఆలోచన రావడం మనకి ఎంత సహజమో చెప్తున్నాను. ఆఫీసులో నేను నవ్విన నవ్వులన్నీ ఆ దరఖాస్తు లాంటివే.

తర్వాత 1946 చట్టం భారతీయులకి ఏడాదికి 100 మంది చొప్పున కోటా ఇచ్చింది. వంద! మా ఆఫీసు అంతస్తులో తెలుగువాళ్ళే ఆ లెక్కకి దగ్గర్లో ఉంటారు. 1965లో, ఓటు హక్కు చట్టం మీద సంతకమైన రెండు నెలలకి, జాతీయతను బట్టి కోటాలు పెట్టే పద్ధతిని తీసేస్తూ ఇమిగ్రేషన్ చట్టం వచ్చింది. సివిల్ రైట్స్ ఉద్యమం తెచ్చిన ఒత్తిడి లేకుండా అది వచ్చి ఉండేది కాదు. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో 1963 మేలో పోలీసు కుక్కల ముందు, ఫైర్ హోసుల ముందు నిలబడ్డ బడిపిల్లలు మావాడి ఈడువాళ్ళు, ఇంకా చిన్నవాళ్ళూ ఉన్నారు. మేం కష్టపడి చదివి వచ్చాం అని మనం చెప్పుకునే కథకి ముందు ఆ పిల్లలున్నారు.

కులం ఇక్కడ లేదనే మాట మా వాట్సాప్ గ్రూపుల్లో 2023లో తెగ వినబడింది. ఆ ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షని నిషేధించింది, కాలిఫోర్నియాలో అలాంటి బిల్లునే అక్టోబరులో గవర్నర్ వీటో చేశాడు. రెండుసార్లూ మా గ్రూపు మండిపోయింది. మనల్ని అనవసరంగా వేలెత్తి చూపిస్తారన్న భయం నాకూ అర్థమవుతుంది. కానీ అదే గ్రూపులో తిరిగే పెళ్ళి బయోడేటాల్లో పేరు, చదువు తర్వాత మూడో లైన్లో ఏముంటుందో అందరికీ తెలుసు.

ఇవన్నీ చెప్పేశాక పిల్లలు మారిపోయారా అంటే, లేదు. మావాడు నిన్న కూడా చెల్లెలి చేతిలో రిమోట్ లాక్కున్నాడు. నేనూ అంత మారలేదు. మూడేళ్ళ క్రితం చెల్లెల్ని కొట్టినందుకు వాణ్ణి నేను కొట్టాను, కొట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాలి అంటూనే. వాడా మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తుచేస్తాడు. మా తరంలో రెండు తగిలిస్తేనే దారికొస్తారనే పెంచారు, మేం బాగానే ఉన్నాం కదా అంటారు మావారు. బాగానే ఉన్నామా అన్నదాని మీద మా ఇంట్లో చర్చ ఇంకా తేలలేదు.

స్కూలుకి మాత్రం జవాబు రాశాను. నాలుగుసార్లు రాసి చెరిపాను. మావాడు మొండిగా ప్రవర్తించినందుకు క్షమించండి అన్న మొదటి వాక్యం తీసెయ్యడానికే ఒక పూట పట్టింది. చివరికి పంపినదాంట్లో ప్రశ్న ఒక్కటే ఉంది: ట్రే లాగినవాళ్ళని వదిలేసి, కూర్చున్నవాళ్ళని లేవమనడం సరైనదేనని మీరు అనుకుంటున్నారా? రెండు రోజులకి మర్యాదగా, ముక్తసరిగా సమాధానం వచ్చింది, ఈ విషయం పరిశీలిస్తాం అని. ఏం పరిశీలించారో తెలీదు. కొత్త పిల్లాడు మాత్రం ఇప్పుడు మావాడి టేబుల్ దగ్గరే తింటున్నాడట.

ఆదివారం నాన్నకి ఫోన్ చేసినప్పుడు గ్లాసు సంగతి ఎత్తాను. కాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? అప్పట్లో అందరిళ్ళల్లో అంతే" అన్నారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. మావాడు అందుకుని, "తాతయ్యా, ఆయన పేరేంటి?" అన్నాడు. నాన్న చివర గాడు చేర్చిన ఒక ముద్దుపేరు చెప్పారు. "అది కాదు తాతయ్యా, అసలు పేరు." మళ్ళీ కాసేపు ఏమీ వినబడలేదు. మా ఇంట్లో ఆయన ఇరవయ్యేళ్ళ పైనే పనిచేశాడు. "అందరం అలానే పిలిచేవాళ్ళంరా" అని, "ఎవర్నైనా అడగాలి" అన్నారు నాన్న. ఇంకా చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగలేదు, మావాడు మాత్రం ప్రతి ఆదివారం అడుగుతున్నాడు.

మొన్న శనివారం కుర్చీలో నన్ను కూర్చోమన్నాడు. ఈసారి తిట్టేది వాడు. నేను వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ మీది గడియారం వంక చూస్తూ కూర్చున్నాను. వాడు చుట్టూ తిరిగాడు. కుర్చీ వెనక నుంచి కొంచెం లాగాడు, కదల్లేదు. చెవి దగ్గర చప్పట్లు కొట్టాడు, కదల్లేదు. ఏం తిట్టాలో తోచక కాసేపు ఆగాడు. తర్వాత వంగి, వాడికొచ్చిన తెలుగులో, ఒక్కో మాటా నొక్కుతూ అన్నాడు.

"నీకెందుకు? నీ పని నువ్వు చూసుకోవచ్చుగా."

కుర్చీ వెనక్కి పడేంత విసురుగా లేచాను.

"నలభై రెండు సెకన్లు" అంది మా అమ్మాయి.