పదవీ విరమణ తర్వాత నా గుణాలకు, నైపుణ్యాలకు లెక్క కట్టుకున్న తీరు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణిత ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక, పింఛనుకు గాని తిండికి గాని లోటు లేకపోయినా పొద్దు గడవడం బరువుగా అనిపించసాగింది. నాలో బలంగా ఉన్న గుణాలు ఏమిటి, రోజువారీ జీవితానికి కావలసిన నైపుణ్యాల్లో నాకు కొరవడినవి ఏమిటి అన్నది కాగితం మీద చూసుకుంటే తప్ప ఈ బరువు ఎక్కడిదో తేలదని నాకు తోచింది. ఊహతో కాక కొలతతో మొదలుపెట్టడం మా వృత్తి అలవాటు కూడాను.

మొదట ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో రూపొందించిన ఐదు వాక్యాల శ్రేయస్సు సూచికను తీసుకున్నాను. గడిచిన రెండు వారాల్లో మనసు ఉల్లాసంగా ఉందా, ప్రశాంతంగా ఉందా, ఒంట్లో చురుకుదనం ఉందా, నిద్ర లేచేసరికి బడలిక తీరి ఉంటోందా, రోజులో ఆసక్తి కలిగించే పనులు ఉంటున్నాయా అన్న ఐదింటికీ సున్నా నుంచి ఐదు వరకు మార్కులు వేసుకుని, మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే నూటికి ఎంతో వస్తుంది. 50 కంటే తక్కువ వస్తే మానసిక స్థితిని మరికొంత శ్రద్ధగా పరిశీలించుకోవాలన్న సూచనే గాని, అది రోగనిర్ధారణ కాదు. ప్రశాంతతకు రెండు, నిద్రకు ఒకటి, మిగిలిన వాటికి మూడేసి వేసుకున్న నాకు 48 వచ్చింది. మొత్తం కంటే ఆ రెండు చిన్న అంకెలే నాకు ఎక్కువ పనికొచ్చాయి. ఎందుకంటే వెతకవలసిన చోటు ఏదో అవే చెప్పాయి.

తర్వాతది గుణాల సర్వే. క్రిస్టఫర్ పీటర్‌సన్, మార్టిన్ సెలిగ్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన వర్గీకరణలో జిజ్ఞాస, ధైర్యం, దయ, న్యాయబుద్ధి, ఆత్మనిగ్రహం, కృతజ్ఞత, హాస్యప్రియత్వం వంటి 24 గుణాలు ఆరు పెద్ద విభాగాల కింద ఉంటాయి. వీఐఏ పేరుతో ఇంటర్నెట్లో ఉచితంగా దొరికే ఈ ప్రశ్నావళిలో ప్రతి వాక్యం మనకు ఎంతవరకు వర్తిస్తుందో అయిదు స్థాయిల్లో గుర్తు పెడితే, చివరికి 24 గుణాలూ మనలో ఉన్న క్రమంలో ఒక జాబితాగా వస్తాయి. నా జాబితాలో న్యాయబుద్ధి, విద్యాభిలాష, పట్టుదల, జిజ్ఞాస, దయ పైన నిలిచాయి. హాస్యం అడుగున పడింది.

ఈ జాబితాను చదవడంలో లెక్కల మాస్టారిగా నాకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. క్రమసంఖ్య ఏది ముందో చెబుతుంది గాని, ఎంత ముందో చెప్పదు. అయిదో స్థానానికీ తొమ్మిదో స్థానానికీ మధ్య ఉన్నది వెంట్రుకవాసి తేడా కావచ్చు. పైగా ఇది నాలోని గుణాలను నాలోని గుణాలతోనే పోల్చిన వరుస కాబట్టి, అడుగున ఉన్నదాన్ని లోపంగా లెక్కగట్టడం తగదు. అన్నిటికంటే ముఖ్యంగా, జవాబులన్నీ మన గురించి మనం ఇచ్చుకున్నవే. అందుకే ఆ కాగితాన్ని మా ఆవిడ చేతికిచ్చి, నన్ను చూస్తున్న మనిషిగా తప్పొప్పులు దిద్దమన్నాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివి, దయ దగ్గర వేలు ఆపింది.

“ఊళ్ళోవాళ్ళ మీద దయే, కాదనను. ఇంట్లో నా మాట చివరిదాకా విన్న రోజు ఒక్కటి చెప్పండి చూద్దాం.”

పట్టుదలను మాత్రం ఆమె ఒకటో స్థానానికి జరిపింది. అది మెచ్చుకోలని నేను అనుకోవడం లేదు.

పైన ఉన్న గుణాల్లో ఒకదాన్ని రోజూ ఏదో ఒక కొత్త రీతిలో వారం పాటు వాడి చూడడం వల్ల మేలు కనిపించిందని సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. నేను జిజ్ఞాసను ఎంచుకున్నాను. విగ్రహాల తయారీకి పేరున్న తెనాలిలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా, ఏ శిల్పశాల గుమ్మమూ తొక్కినవాణ్ణి కాను. ఒక సాయంత్రం వెళ్ళి, చిన్న మట్టి నమూనా కొలతలను నిలువెత్తు విగ్రహానికి ఎలా పెంచుతారో అడిగాను. తరగతిలో నిష్పత్తి, అనుపాతం అని బోర్డు మీద రాస్తూ వచ్చినదాన్ని ఆ శిల్పి కొలత కర్రతో, గడ్డం నుంచి నుదుటిదాకా పెట్టిన గుర్తులతో చూపించాడు. ఆ తర్వాత పని లేకపోయినా అటు వెళ్ళడం అలవాటైంది.

అయితే ప్రశాంతతకు వేసుకున్న ఆ రెండు మార్కులను గుణాల జాబితా వివరించలేకపోయింది. దానికి జవాబు జీవన నైపుణ్యాల దగ్గర దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో పాఠశాలల కోసం సూచించిన పది నైపుణ్యాలను, అంటే స్వీయ అవగాహన, సహానుభూతి, విమర్శనాత్మక ఆలోచన, సృజనాత్మక ఆలోచన, నిర్ణయం తీసుకోవడం, సమస్యా పరిష్కారం, భావ వ్యక్తీకరణ, మానవ సంబంధాలు, ఒత్తిడిని ఎదుర్కోవడం, ఉద్వేగాలను అదుపులో పెట్టుకోవడం అన్నవాటిని, పిల్లలకు చెప్పవలసిన పాఠంగానే నాకు పరిచయం. ఇప్పుడు ఒక లాంగ్ నోటుబుక్కులో గళ్ళు గీసి, రోజులో ఇబ్బంది పెట్టిన సంఘటన ఒక గడిలో, నేను చేసినది రెండో గడిలో, అక్కడ కొరవడిన నైపుణ్యం మూడో గడిలో రాయసాగాను. కొన్నాళ్ళకు మూడో గడిలో భావ వ్యక్తీకరణ అన్న మాటే పదేపదే కనిపించింది. నలభై మంది పిల్లల ముందు గొంతు తడబడని వాణ్ణి, దగ్గరివాళ్ళు ఏదైనా అడిగితే కాదనడం మాత్రం చేతకాదు. గ్రాట్యుటీ సొమ్ము చేతికి వచ్చిందని తెలిసినప్పటి నుంచి చేబదుళ్ళకు వచ్చే ఫోన్లూ, చూద్దాంలే అని దాటవేసి రాత్రంతా దాని గురించే ఆలోచించడమూ ఆ పుస్తకంలో వరుసగా ఉన్నాయి.

గుణం స్వభావానికి సంబంధించినది. నైపుణ్యమైతే సాధనతో వస్తుంది. కాబట్టి కాదనే వాక్యాన్ని ముందే రాసుకుని, గట్టిగా చదివి సాధన చేశాను. మా పినతండ్రి కొడుకు ఫోన్ చేసి, “అన్నయ్యా, రెండు లక్షలు సర్దుతావా, సంక్రాంతి వెళ్ళగానే ఇచ్చేస్తాను” అన్నప్పుడు, “డబ్బు సర్దలేను తమ్ముడూ. బ్యాంకు లోనుకు వెళ్తానంటే కాగితాలు నేను దగ్గరుండి చూస్తాను” అని చెప్పి ఊరుకున్నాను. కారణాలు చెప్పుకుంటూ పోకూడదన్నది ఆ సాధనలో నేను పెట్టుకున్న నియమం. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “సరే, పాసుపుస్తకం జిరాక్సు పంపిస్తాను, చూడు” అన్నాడు. ఆ రాత్రి పుస్తకంలో మూడో గడి ఖాళీగా వదిలేశాను.

ఈ ప్రశ్నావళులేవీ వైద్యానికి ప్రత్యామ్నాయం కావు. దిగులు వారాల తరబడి వదలకపోతే గుణాల జాబితాతో కాలక్షేపం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి; కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణికి 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కొన్ని నెలల తర్వాత ఆ ఐదు వాక్యాలకు మళ్ళీ మార్కులు వేసుకుంటే మొత్తం 60కి చేరింది, ప్రశాంతత నాలుగైంది. నిద్ర మాత్రం ఒకటి నుంచి కదలలేదు. అది గుణాలకూ నైపుణ్యాలకూ సంబంధం లేని విషయమేమోనని డాక్టరుగారికి చూపించుకున్నాను. రక్తపోటు చూసి, సాయంత్రం కాఫీ మానమని, మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వవద్దని చెప్పారు. కాఫీ మానగలిగాను, కునుకు ఇంకా నా అదుపులోకి రాలేదు.