రెండు గోడల మీద ఒకే పట్టాభిషేకం

ఫ్రెంచి చిత్రకారుడు జాక్ లూయీ దావీద్ గీసిన నెపోలియన్ పట్టాభిషేకం పటం రెండు చోట్ల ఉంది: పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం, ఊరవతల వెర్సాయ్ కోట. లూవ్ర్‌కి మంగళవారం సెలవు, వెర్సాయ్‌కి సోమవారం. మంగళవారం జనమంతా వెర్సాయ్ మీద పడతారు కాబట్టి, మేం బుధవారం సాయంత్రం లూవ్ర్, గురువారం వెర్సాయ్ పెట్టుకున్నాం. బుధ, శుక్రవారాల్లో లూవ్ర్ రాత్రి 9 దాకా తెరిచే ఉంటుంది.

లూవ్ర్‌లోని దెనోన్ విభాగంలో తల లేని విజయదేవత విగ్రహం దాకా మెట్లెక్కితే, ఈ పటం ఉన్న 702వ గది దగ్గరే. మోనాలిసా కోసం వెళ్లే గుంపు ఈ గదిని నడవాలా వాడుకుంటుంది. పటం ఎత్తు 6.21 మీటర్లు, వెడల్పు 9.79. దగ్గరికి వెళ్తే అంగీల అంచులు తప్ప ఏమీ అందవు, పైన వార్నిష్ మెరుపు కళ్లలో కొడుతుంది. ఎదుటి గోడ దాకా వెనక్కి నడిచి, కాస్త పక్కకు జరగాలి.

మన ఇళ్లలోని శ్రీరామ పట్టాభిషేకం పటానికి అలవాటుపడ్డ కన్ను ఇక్కడ తికమకపడుతుంది. కిరీటం పెట్టించుకుంటున్నది రాజు కాదు, మోకరిల్లిన ఆయన భార్య జోసెఫీన్. 1804 డిసెంబర్ 2న పారిస్ నోత్రదామ్ చర్చిలో నెపోలియన్ తన కిరీటం తానే పెట్టుకున్నాడు. దావీద్ మొదట అదే గీయబోయి మార్చుకున్నాడు. పోప్ ఏడో పయస్ చెయ్యి కూడా మొదట ఒడిలోనే ఉండేది. చక్రవర్తి కోరిక మీద దీవెనకు లేచింది. మధ్యలో దర్జాగా కూర్చున్న నెపోలియన్ తల్లి లెటీషియా ఆరోజు అసలు అక్కడ లేదు, రోమ్‌లో ఉంది. ఆవిడ పై వరసలో బొమ్మ గీసుకుంటున్నవాడు దావీదే. సాక్ష్యం చెప్పేవాడే కథ మార్చాడన్నమాట!

వెర్సాయ్‌కి పారిస్ నుంచి ఆర్‌ఈఆర్ సి అనే లోకల్ రైలు. దీనికి శాఖలెక్కువ, ఏది పడితే అది ఎక్కితే వేరే ఊళ్లో తేలతారు. బోర్డు మీద 'వెర్సాయ్ షాతో రివ్ గోష్' ఉన్నదే ఎక్కాలి. కోటలో రాణి గదులు దాటాక పట్టాభిషేకం గది వస్తుంది. అప్పటికి కాళ్లు పీకుతుంటాయి, చాలామంది తలెత్తకుండా వెళ్లిపోతారు. ఈ ప్రతిని దావీద్ 1808లో మొదలుపెట్టి, ప్రవాసంలో బ్రస్సెల్స్‌లో 1822లో ముగించాడు. లూవ్ర్ ఫొటో ఫోన్‌లో తెరిచి పోల్చి చూడండి. ఎడమవైపు నెపోలియన్ చెల్లెళ్ల వరస అక్కడ అంతా తెలుపు, ఇక్కడ ఒకామె గౌను గులాబీ రంగు.