బీటెక్ మొదటి ఏడాది: స్టడీ అవర్ లేని చోట

ఇంటర్ రెండేళ్లూ తెల్లవారుజామునే లేపి పుస్తకం ముందు కూర్చోబెట్టడానికి వార్డెన్ ఉండేవారు. వారానికో టెస్టు, ఆ వెంటనే ర్యాంకులు. ఎక్కడ వెనకబడ్డారో వారం తిరక్కుండానే తెలిసిపోయేది. బీటెక్‌లో చేరగానే అవేవీ ఉండవు. చదవకపోయినా ఆ వారం ఏమీ కాదు. దెబ్బ తగిలిందని తెలిసేది రెండు నెలలకు, మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) మార్కులు చూసుకున్నప్పుడే. ఫస్టియర్‌లో తడబడే పిల్లల్లో చాలామందికి తెలివి తక్కువై కాదు, ఈ ఆలస్యం వల్లే నష్టం జరుగుతుంది. వార్డెన్ పెట్టుకున్న లెక్కలు ఇకమీదట మీరే పెట్టుకోవాలి.

కింది అంకెలు జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్స్‌వి, అంటే 2022లో చేరిన బ్యాచ్ నుంచి అమలైన నిబంధనలవి. మీది అటానమస్ కాలేజీ అయినా, వేరే యూనివర్సిటీ అయినా, తర్వాతి బ్యాచ్ అయినా మీ అకడమిక్ రెగ్యులేషన్స్ పీడీఎఫ్ దింపుకుని ఇవే అంశాలు వెతకండి. ఒక గంట పని, నాలుగేళ్లూ పనికొస్తుంది.

ముందు అటెండెన్స్. అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే ఆరోగ్య కారణాలకు సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కడితే కాలేజీ కమిటీ మినహాయింపు ఇవ్వొచ్చు. దాన్నే కండొనేషన్ అంటారు. 65 కంటే తగ్గితే డిటెయిన్ చేస్తారు. సెమిస్టర్ చివరి (ఎండ్) పరీక్షలు రాయనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే.

చాలామంది పొరబడేది ఇక్కడే: తర్వాత రోజూ వెళ్లి సరిచేసుకుందాం అనుకుంటారు. 200 పీరియడ్లు జరిగేసరికి మీరు 120కి వెళ్లారనుకుందాం, అంటే 60 శాతం. అక్కణ్నుంచి 75కి రావాలంటే వరసగా 120 పీరియడ్లు ఒక్కటీ వదలకుండా కూర్చోవాలి. రోజుకు ఆరు పీరియడ్ల లెక్కన 20 పనిదినాలు. అప్పటికి సెమిస్టర్లో అన్ని రోజులు మిగలకపోవచ్చు. దసరా సెలవులు అయ్యాక ఇంటి దగ్గర ఇంకో నాలుగు రోజులు ఉండిపోతే 24 పీరియడ్లు పోయినట్టే. ప్రతి శనివారం నోటు పుస్తకం వెనక పేజీలో రెండు అంకెలు రాసుకోండి: జరిగినవి, వెళ్లినవి. పోర్టల్‌లో ఎక్కించేది ఆలస్యమైనా మీ లెక్క మీ దగ్గరుంటుంది. తేడా ఉంటే ఆ వారమే సార్‌ని అడగొచ్చు, నెల తర్వాత అడిగితే తేల్చడం కష్టం.

ఇక మార్కులు. థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్ (సెమిస్టర్ లోపల కాలేజీ వేసే మార్కులు) 40, ఎక్స్‌టర్నల్ (ఎండ్ పరీక్ష) 60. ఇంటర్నల్లో 14, ఎక్స్‌టర్నల్లో 21, రెండూ కలిపి 40 రావాలి. మూడు షరతులూ విడివిడిగా దాటాలి. ఇంటర్నల్ 38 వచ్చినా ఎక్స్‌టర్నల్లో 20 దగ్గర ఆగితే ఫెయిలే. ఇంటర్నల్ సరిగ్గా 14 వస్తే ఎక్స్‌టర్నల్లో 21 చాలదు, 26 కావాలి. ఇంటర్నల్ 40లో 30 మిడ్‌లవి. రెండు మిడ్‌ల సగటు తీస్తారు కాబట్టి మొదటిదాంట్లో 30కి 10 వస్తే, రెండోదాంట్లో 26 తెచ్చుకున్నా సగటు 18 మాత్రమే. ఎండ్ పేపర్లో పార్ట్ బీలో యూనిట్‌కో పది మార్కుల ప్రశ్న, ఒక్కోదానికి ఇది లేదా అది అనే ఛాయిస్ ఉంటుంది. ఆ ఛాయిస్ యూనిట్ లోపలే. ఒక యూనిట్ మొత్తం వదిలేస్తే ఆ పది మార్కులూ ఇంకెక్కడా దొరకవు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి నెల ఇంకో బరువు ఉంటుంది. విషయం తెలుసు, పేరే కొత్త. నిర్ధారకం అంటే వెంటనే చేసేస్తారు, డిటర్మినెంట్ అనగానే చెయ్యి ఆగిపోతుంది. చిన్న పుస్తకంలో రెండు గడులు గీయండి. ప్రమేయం పక్కన ఫంక్షన్, అవధి పక్కన లిమిట్, అవకలనం పక్కన డిఫరెన్షియేషన్, సమాకలనం పక్కన ఇంటిగ్రేషన్, వ్యతికరణం పక్కన ఇంటర్‌ఫియరెన్స్, వివర్తనం పక్కన డిఫ్రాక్షన్. రోజుకు పది మాటలు చాలు. మిడ్‌కు ముందు నిర్వచనాలను ఇంగ్లీషులో చూడకుండా చేత్తో రాయండి, ఎందుకంటే చదివితే అర్థమయ్యే వాక్యమే రాయబోతే సగంలో తెగిపోతుంది. తెలుగులో చదువుకున్నది అడ్డం కాదు. అర్థం అందులోనే ఉంది, దాన్ని పోగొట్టుకోవద్దు.

సీ ప్రోగ్రామింగ్‌లో ఎక్కువమంది చేసే తప్పు ప్రోగ్రాములు బట్టీ పట్టడం. ఒకటి నుంచి ఐదు వరకూ కూడే ఫర్ లూప్ (ఒకే పనిని పదేపదే చేయించే కోడ్) తీసుకోండి. కాగితం మీద ఐ, సమ్ అని రెండు నిలువు వరసలు గీసి, లూప్ తిరిగినప్పుడల్లా విలువలు రాయండి. ఐ 1 అయితే సమ్ 1, ఆ తర్వాత 2కి 3, 3కి 6, 4కి 10, 5కి 15. ఇప్పుడు ఫర్ వరస చివర పొరపాటున సెమికోలన్ పెడితే ఏమవుతుంది? కంపైలర్ దాన్ని ఎర్రర్‌గా పట్టుకోదు. లూప్ ఖాళీగా తిరిగి ఐ 6 అవుతుంది, కూడిక ఒక్కసారే జరుగుతుంది, జవాబు 15 బదులు 6 వస్తుంది. ఈ పట్టిక వేయడం అలవాటైతే ల్యాబ్‌లో తప్పు ఎక్కడుందో మీరే పట్టుకుంటారు. పోలిక దగ్గర == బదులు = రాయడం, స్కాన్‌ఎఫ్‌లో & మర్చిపోవడం కూడా ఇలాంటివే. పక్కవాడి రికార్డు చూసి ఎక్కించుకుంటే వైవాలో (నోటితో అడిగే పరీక్షలో) మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

హాస్టల్ గురించి ఒక్క మాట. రాత్రి రెండింటికి పడుకుంటే ఉదయం టిఫిన్ పోతుంది, వెనకే మొదటి పీరియడ్ పోతుంది. అటెండెన్స్ జారడం చాలావరకు అక్కడే మొదలవుతుంది.

ర్యాగింగ్‌కు గురైతే దాచుకోకండి. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 రోజంతా పనిచేస్తుంది, కాల్‌కు ఖర్చుండదు. ఫోన్ చేసేటప్పుడు తేదీ, సమయం, చోటు, చూసినవాళ్లెవరో కాగితం మీద రాసుకుని దగ్గర పెట్టుకోండి.

స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లు ఈపాస్‌లో (తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో) మొదటి ఏడాది ఫ్రెష్ దరఖాస్తు, ఆ తర్వాత ఏటా రెన్యువల్ చేసుకోవాలి. దానికీ 75 శాతం అటెండెన్స్ అడుగుతారు. దరఖాస్తుకు ముందే ఒకసారి బ్యాంకుకు వెళ్లి, మీ ఆధార్ ఏ ఖాతాకు సీడ్ (అనుసంధానం) అయి ఉందో కనుక్కోండి.